వృద్ధాశ్రమము నడుగరాదా?

తల్లిని వృద్ధాశ్రమమున నుంచిన కుమారునకు నోరెత్తు హక్కు లేదని మనవారిలో ననేకులు తలంచుచున్నారు. "ఇంట నుంచుకొనలేనివానికి, అచ్చట దుప్పటి మార్చలేదని యడుగుట యెందులకు?" అని వారి యెత్తిపొడుపు. ఈ యెత్తిపొడుపే ఆశ్రమ యజమానులకు పెట్టని కోట యైనది. వీపున పుండ్లు పడిన తల్లిని చూచి కూతురు కన్నీరు దిగమ్రింగి మరలిపోవుచున్నది. చేతిమీది కమిలిన మచ్చ కాలుజారి పడుటచే గలిగినదని చెప్పిన, నమ్మినట్లు నటించుచున్నది. గట్టిగా నడిగినచో "మీ యమ్మను మీరే తీసికొనిపొండు" అందురేమో యని భయము. సిగ్గొకవైపు, భయమొకవైపు, నడుమ నలుగునది మంచము పట్టిన ప్రాణము.

పొట్టకూటికై దూరదేశమేగిన కొడుకును, రేయింబవళ్లు రోగిని కనిపెట్టుకొనజాలని కోడలిని దూషించుట మాకు సమ్మతము గాదు. దూషింపదగినవారు కొందరుందురు; ఉందురుగాక. సొమ్ము పుచ్చుకొని సేవ చేయుదునని యొప్పుకొన్నవాడు సేవ మానినప్పుడు, కొడుకు దోషము వానికి జవాబెట్లగును?

శాసనము మూగది కాదు. రోగముచేతనో దౌర్బల్యముచేతనో నిస్సహాయుడైనవానిని కనిపెట్టుకొందునని యొడంబడిక చేసికొని, బుద్ధిపూర్వకముగ మానినవానికి 1860 నాటి శిక్షాస్మృతి 491వ సెక్షను మూడు నెలల వరకు చెరయో, 200 రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 357వ సెక్షనున ఆ 200 రూపాయలు 5,000 అయినవి. చెర యొక్కదినమైనను పెరుగలేదు. 164 ఏండ్లలో ముసలివాని బాధకు మన శాసనకర్తలు కట్టిన వెల యింతే!

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము బిడ్డల మెడలు వంచినదేగాని, ప్రైవేటు ఆశ్రమమెల్ల నమోదు కావలెనని చెప్పలేదు. ఆ లోటు తీర్చుటకు 2019లో లోకసభలో బిల్లు పెట్టిరి. 2024లో ఆ సభతోడనే బిల్లును గతించినది. దానికై యేడ్చినవారు మాకు కనబడలేదు.

అయినను ఉన్న దారులనైన నెరుగవలదా? రుసుము గైకొను ఆశ్రమముపై సేవాలోపమునకు రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును; ప్లీడరు లేకయే వాదించుకొనవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల శాసనము ప్రకారము స్త్రీ యైనచో ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. పుండ్లు కట్టిన యా తల్లియు స్త్రీయే కదా! రసీదులు, ఒడంబడిక ప్రతి, తేదీ వేసిన ఛాయాచిత్రములు, వైద్యుని చీటి — వీనిని కుటుంబమువారు దాచవలెను. కోపము చల్లారినపిదప వెదకిన దొరకవు.

కాని మంచము దిగలేని యామె యే కచేరికి పోగలదు? కావున న్యాయసేవాధికార సంస్థయే యామె కడకు రావలెనని మా కోరిక. నెలకొకమారు, ముందుగా కబురంపక, ఆ సంస్థ న్యాయవాది యొకరు ప్రతి యాశ్రమమునకు బోయి, మేనేజరును గది వెలుపల నిలిపి, ఆ ముసలిదానితో ఒక్క గడియ మాటాడవలెను.