పెరటి తోట: మందు చల్లని మొక్కలు

వానలు విడువక కురియు దినములలో బంతిమొక్కల క్రింది యాకులపై గోధుమరంగు మచ్చలు పుట్టి, నానాటికి పెద్దవై, ఆకంతయు మాడిపోవుట మీరు చూచియే యుందురు. ఆల్టర్నేరియా యను శిలీంధ్రము దీనికి కారణము. దాని బీజములు గాలివలనను, ఆకులపై చిందు నీటివలనను మొక్కనుండి మొక్కకు వ్యాపించును. ముదిరినచో మొగ్గలును చెడి, పండుగనాటికి పూవులుండవు.

ఒకయేడు మా పెరటిలో ఈ తెగులు రాగా, అంగడినుండి మందు తెచ్చి మొక్కలన్నిటిపై చల్లితిమి. తెగులు నిలిచినది. ఆ మందు దివ్యమైనదని ఇరుగుపొరుగువారికెల్ల చెప్పితిమి. మరుసటియేడు అదే మందు చల్లినను తోట దక్కలేదు. మొదటియేడు మందు చల్లిన మరునాడే వానలు వెలిసిన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. తెగులు నాపినది మందో, ఎండయో! మా మాట విని డబ్బు వెచ్చించినవారి యెదుట తలవంచుకొంటిమి.

1882లో ఫ్రాన్సు దేశమునందలి మెడాక్ ప్రాంతమున, బాటసారులు పండ్లు కోయకుండుటకై బాటప్రక్క ద్రాక్షతీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లియుండిరి. లోపలి తీగెల ఆకులు తెగులుచే రాలినను, బాటప్రక్కవి పచ్చగా నిలిచెను. మిల్లార్డే యను శాస్త్రజ్ఞుడు ఈ భేదమును గమనించి, పరీక్షలు జరిపి, 1885లో బోర్డో మిశ్రమమును లోకమునకు తెలిపెను. మందు చల్లని తీగెలే లేకున్న, మందు గుణము తెలియకుండెడిది.

కావున మీరును తెగులు రాకమునుపే మొక్కలను రెండు భాగములు చేయుడు. ఒకదానికి మందు, రెండవదానికి వట్టి నీరు చల్లుడు. రెంటికిని ఎండ, నీరు, ఎరువు సమముగా నుండవలెను. వారమున కొకసారి మచ్చలుగల యాకులను లెక్కించి వ్రాసికొనుడు. రెండు మందులను పోల్చవలెనన్న మూడవ భాగము చేర్చుడు.

బోర్డో మిశ్రమమునకు 10 గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటను, 10 గ్రాముల తాజా సున్నమును వేరొక అరలీటరు నీటను, మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలలో కరగింపుడు. తుత్తపునీటిని సున్నపునీటిలో పోయుచు కలుపుడు. ఇనుపకత్తిని ముంచిన ఎఱ్ఱని పూత పట్టినచో మరికొంత సున్నము చేర్చుడు. ఆనాడే వాడవలెను. ఇది క్రొత్త యాకులను కాపాడునే గాని మాడినవానిని బాగుచేయదు. వంటపాత్రలు వాడరాదు, పిల్లలను దరిచేరనీయరాదు, మందు పడిన పూవులు తలలో తురుమరాదు.

మాడిన యాకులను ఏరి కాల్చివేయుడు. నీరు మొదళ్లకే పోయుడు. కొన్ని మొక్కలకు మందు మానుట మనసునకు కష్టమే. అయినను పొరుగింటి సోదరికి మంచిమందని చెప్పు ముందు, ఆ కొన్ని మొక్కల సాక్ష్యము మనకు కావలదా?