ముక్కు సరే, సూదిని తీసిపారేయొద్దు



గత సంచికలోని ముక్కు టీకాల వ్యాసం ఇక సూదికి సెలవే అన్నంత ధీమాగా ముగిసింది. అంత తొందర ఎందుకో!

వైరస్ చొరబడే చోటే రక్షణ ఉండాలని వ్యాసకర్త చెప్పిన సూత్రం తప్పు కాదు. 2020 జూలైలో అబుదాబిలో మొదలైన సైనోఫార్మ్ కోవిడ్ టీకా మూడో దశ ప్రయోగంలో వేలమంది జబ్బకు సూది వేయించుకున్నారు. అలాంటి టీకా ముఖ్యంగా రక్తంలో ఐజీజీ యాంటీబాడీలను పెంచుతుంది. ముక్కుపొరలో వాకిలి కాసే ఐజీఏ యాంటీబాడీ అంతగా పుట్టదు. అందుకే జబ్బు ముదరకుండా ఆపినంత బాగా, వైరస్ సోకకుండా ఆపలేదు.

అయితే ముక్కులో చుక్కలు వేస్తే చాలా? హైదరాబాద్ భారత్ బయోటెక్ 2023 జనవరి 26న విడుదల చేసిన ముక్కు టీకా ఇన్కోవాక్‌కు అనుమతి దక్కింది యాంటీబాడీల పోలికతోనే. వ్యాప్తిని ఆపినట్టు రుజువై కాదు. ఆక్స్‌ఫర్డ్ వారి ముక్కు స్ప్రే టీకా 2022లో తొలి దశలోనే నిరాశపరిచింది.

వ్యాసం అసలు తాకనిది పోలియో. 2013లో ఇజ్రాయెల్ మురుగునీటిలో పోలియో వైరస్ కనిపించింది. సూది టీకా పొందిన పిల్లలకు పక్షవాతం రాలేదు గానీ, వారి పేగుల్లో వైరస్ పెరిగింది. మళ్లీ నోటి చుక్కలు వేయాల్సి వచ్చింది. ఇక వెల్లూరులో జరిగిన ఒక అధ్యయనం కథ తిరగేసింది: అంతకుముందే చుక్కలు వేసుకున్న పిల్లలకు ఒక్క సూది వేస్తే పేగు రక్షణ పెరిగింది. అంటే టీకా వేసే దారి ఒక్కటే కాదు, వరస కూడా ముఖ్యమే.

వ్యాసం రెండో భాగంలో వ్యాసకర్త ఈ పోలియో అనుభవాన్ని చేర్చాలని మనవి.

— ఒక పాఠకుడు, షార్జా