తిట్టుకి దొరికేది మనమే

మగవాడు మగవాణ్ణి తిట్టాలన్నా మధ్యలో ఒక ఆడది కావాలి. తల్లో, అక్కో, లేకపోతే మొత్తం ఆడజాతో. కోట్లు పోసి కొనుక్కున్న ఫుట్‌బాల్ మైదానమూ ఇందుకు మినహాయింపు కాదు.

2006 జూలై 9, బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఇటలీ ఆటగాడు మాటెరాజ్జి, ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ అక్కని తిట్టాడు. జిదాన్ అతని ఛాతీని తలతో కుమ్మాడు. దూషణకీ ఎర్రకార్డు ఉందని ఆట నియమాలు చెబుతున్నా, రిఫరీ ఆ రోజు కార్డు చూపించింది జిదాన్‌కే. తర్వాత ఫిఫా జిదాన్‌కి మూడు మ్యాచ్‌లు, మాటెరాజ్జికి రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. అది జాతి దూషణ మాత్రం కాదని ఇద్దరూ చెప్పారట. హమ్మయ్య, తిట్టింది ఆడదాన్నే కదా!

అక్క పరువు కాపాడిన తమ్ముడని జిదాన్‌ని మెచ్చుకున్నవాళ్లెందరో. నా పేచీ ఆ మెచ్చుకోలుతోనే. అక్క శీలం తమ్ముడి ఆస్తి అనుకుంటేనే ఆ తిట్టు తమ్ముడికి తగులుతుంది. తిట్టినవాడూ, కుమ్మినవాడూ ఒకే నమ్మకం మీద నిలబడ్డారు.

మన దేశానికి వద్దాం. 2022 ఫిబ్రవరి 19న ఐఎస్‌ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ ఆటగాడు సందేశ్ జింగన్ ఆడవాళ్లతో మ్యాచ్ ఆడొచ్చానన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. ఇందులో బూతు ఒక్కటీ లేదు. 'ఆడవాళ్లు' అన్న మాటే బూతు. నిజామాబాద్ నుంచి వెళ్లి భారత జట్టుకి ఆడిన గుగులోత్ సౌమ్య ఈ మాటని ఎలా వినాలి?

మా బండారులంకలో దీనికి తర్జుమా అక్కర్లేదు. 'గాజులు తొడుక్కో' అంటారు. ఆ గాజుల చేతులే రాట్నం తిప్పి కండెలు చుడితేగాని ఆ వీధిలో మగ్గం ఆడదు.

ఆటలో ఆవేశం సహజమంటారు. ఆవేశం సహజమే. నాలుక చివర సిద్ధంగా ఉన్న తిట్టు మాత్రం నేర్చుకున్నది. నేర్పింది ఇల్లూ, వీధీ, సినిమా, పాత్రోచిత భాష అంటూ మనం విమర్శించకుండా వదిలేసిన కథలూ.

జాతి దూషణ నేరమని ఆటల సంస్థలు దయతో ఒప్పుకోలేదు. నల్లజాతి ఆటగాళ్లు ఏళ్ల తరబడి పోరాడి ఒప్పించారు. ఈనాటి ఫిఫా క్రమశిక్షణ నియమావళిలో లింగ వివక్ష కూడా నేరమే. అయితే స్త్రీని తిట్టుగా వాడిన ప్రతిసారీ ఆ పేరుతోనే కేసు రాయాలి. 'అసభ్య భాష' అనే గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తే ఒప్పుకోకూడదు. మనం కావలసింది సంస్కారవంతమైన తిట్లు కాదు, తిట్లలోంచి మన విడుదల.