మందున్నను మానని వ్యాధి

శాస్త్రము దేశమునకేమి మేలొనర్చినదని ప్రశ్నించువారు బోదకాలు వ్యాధిని తలంచుకొనవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడుపుచుండగా, 1947లో వారి బృందము ఈ వ్యాధికి మందును లోకమునకు వెల్లడించెను. డైఇథైల్‌కార్బమజైన్ అను ఆ మందు రక్తమందలి సూక్ష్మక్రిములను నశింపజేయును. గోదావరి మండలములను తరతరములుగా పీడించిన వ్యాధికి ఆ సీమ బిడ్డయే మందు సమకూర్చుట మనకు గర్వకారణమే.

అయిననేమి? వ్యాధిగల జిల్లాలలో ఏటేట ఉచితముగా మాత్రలు పంచు కార్యక్రమము 2004లో దేశమంతట ఆరంభమైనది. మాత్రను పుచ్చుకొని, మ్రింగక గూటిలో పెట్టువారు పెక్కురు. "నాకు వ్యాధి లేదు గదా, మందేల?" యని వారి వాదము. క్రిమి దేహమందు ఏండ్లకొలది గుప్తముగా నుండుననియు, ఆరోగ్యవంతునివలె తిరుగువాని రక్తమునుండియే దోమ దానిని పొరుగువానికి చేర్చుననియు వారెఱుంగరు. ఆ దోమ పెరుగునది మన వీధి మురుగులోనే!

మందు కనుగొనుట శాస్త్రజ్ఞుని వంతు. మురుగు తీయించుట పురపాలక సంఘముల వంతు. తీయించువఱకు అడుగుట పౌరుల వంతు. వైద్యులు వలదన్నవారు తప్ప తక్కినవారందఱును చేతికిచ్చిన మాత్రను మ్రింగవలెను. సుబ్బారావుగారి చిత్రపటమునకు పూలమాల వేయుటకంటె అదియే వారికి నిజమైన గౌరవము.