తోలు పనిల పైసలు ఎక్కడ పోతయి? ఒక హాస్టల్ పిలగాని లెక్క

 

నేను కుట్టిన కార్డుల పర్సు ఫోటో చూసి మన గ్రూపుల ఒక అన్న అడిగిండు: "హాస్టల్ల ఉండి చదువుకునేటోనికి తోలు పని ఏంది తమ్ముడూ? అది పైసలున్నోళ్ల షోకు కదా?" అన్న మంచికే అడిగిండు. ఇంటికాడ కైకిలి చేసి పంపే పైసలు ఎట్ల వస్తయో ఆయనకూ ఎరుకే. అందుకే రెండు లైన్లల కాకుండా కొంచెం పెద్దగనే జవాబు రాస్తున్న. చదివే ఓపిక ఉండాలె మరి.

మాది మిరుదొడ్డి దగ్గర తండా. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. నాకు ఇప్పుడు ఇరవై ఏండ్లు. నెలకు నా సొంత ఖర్చుకు ఉండేదాంట్ల 150 రూపాయలు ఈ పనికి పక్కకు పెడతా. అంతకు మించి ఒక్క రూపాయి పెట్ట. ఏడాదికి పైన అయింది, ఈ లెక్క తప్పలేదు. నేను చూసినంత వరకు ఈ పనిల పైసలు ఎక్కువ పోయేది తోలు ధరకు కాదు. అక్కరలేని పనిముట్లకు, అడ్డదిడ్డంగ కోసి పారేసే ముక్కలకు పోతయి. ఈ రెండు ఆపితే హాస్టల్ పిలగాడు కూడ ధైర్యంగ చేసుకోవచ్చు.

ముందు పనిముట్ల సంగతి. ఫోన్ల చూస్తే "ముప్పై వస్తువుల కిట్" అని వస్తది. డబ్బా చూడనీకి మస్తుగుంటది. అందుల నిజంగ పనికి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కట్టరు, స్టీలు స్కేలు, ఆరె, కుట్లకు సమానంగ రంధ్రాలు గుద్దే ముళ్ల ఉలి, మొన మొండిగ ఉండే సూదులు రెండు, మైనం పట్టించిన దారం. కింద వేసుకోనీకి పాత రబ్బరు షీటు, గుద్దనీకి కట్టె సుత్తి. ఇనుప సుత్తితో కొడితే ఉలి తల పాడైతది, అందుకే కట్టెది. నాది విరిగిపోయిన రోకలి ముక్క. స్కేలు ఇంటర్ల ఉన్నప్పటిదే. అంటే దుకాణంల కొనాల్సింది సగమే.

కొన్నింటిల మాత్రం పీనాసితనం పనికిరాదు. బ్లేడు మొద్దుబారితే అంచు చిరిగిపోయి ముక్క మొత్తం పాడైతది. రూపాయల బ్లేడు దగ్గర మిగిలించి వందల తోలు పోగొట్టుకునుడు ఏం తెలివి? దారం కూడ అంతే. టైలర్లు వాడే సన్న నూలు దారంతో కుట్టిన పర్సు రెండు నెలలకు నోరు తెరుస్తది. రెండు సూదులతో అటు ఇటు కుట్టే పద్ధతిల కుట్టు పొడుగుకు దాదాపు నాలుగింతల దారం పడతది. కార్డుల పర్సుకు మూడు దిక్కుల కుట్టు కలిపి 25 సెంటీమీటర్లు, అంటే ఒక మీటరు దారం. 25 మీటర్ల ఉండతో ఇరవై పైనే పర్సులు కుట్టొచ్చు. ఒక్కో పర్సుకు పడే దారం ఖర్చు చాయ్ పైసలు కూడ కాదు.

ఇగ తోలు. తోలును చదరపు అడుగు లెక్కన అమ్ముతరు. అడుగు 180 రూపాయలు అనుకుందాం, లెక్క కోసమే. అడుగు అంటే 30 సెంటీమీటర్లకు కొంచెం పైన. కార్డుల పర్సుకు 10 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు నాలుగు కావాలె. ముందు, వెనక ముక్కలు 7.5 ఎత్తువి, లోపలి జేబులు రెండు 5.5 ఎత్తువి. నాలుగూ ఒకదాని కింద ఒకటి పేరిస్తే 26 సెంటీమీటర్లు. అడుగు ముక్కల ఇట్లాంటి నిలువు వరుసలు మూడు పడతయి. అంటే మూడు పర్సులు. ఒక్కోదానికి తోలు ఖర్చు 60. కింద నాలుగు సెంటీమీటర్ల పట్టీ మిగులుతది, అది తాళంచెవుల గొలుసులకు. అదే తోలును కండ్లకు తోచినట్టు నడిమిట్ల నుంచి కోసుకుంట పోతే రెండే వస్తయి, ఒక్కోదానికి 90. దుకాణంల గంటసేపు బేరం ఆడితే అడుగుకు పది తగ్గుతదేమో. అట్ట ముక్క మీద గీసి, కత్తిరించి, తోలు మీద పేర్చి చూసుకుంటే పర్సుకు ముప్పై మిగులుతది. సబ్బు డబ్బా అట్ట చాలు దీనికి. నేనైతే కొత్త డిజైన్ ఏదైనా ముందు అట్టతోనే కుట్టి, కార్డులు పెట్టి తీసి చూస్త. ఆ తర్వాతనే తోలు ముట్టుకుంట.

మందం కూడ అడిగి తీసుకోవాలె. పర్సుకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు సరిపోతది, బెల్టుకు 3 నుంచి 4 కావాలె. ఎక్కువ మందం అయితే ఎక్కువ మంచిదనుకొని కొందరు బెల్టు తోలు తెచ్చి పర్సు మడవనీకి తిప్పలు పడతరు. ఎక్కువ పైసలు పెట్టి తిప్పలు కొనుక్కునుడు ఎందుకు?

అసలు కొనకుండ దొరికే తోలు కూడ ఉన్నది. పాత హ్యాండ్‌బ్యాగు, తెగిన బెల్టు, పారేసిన బూటు పైభాగం. కుట్లు విప్పి, తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే మంచి ముక్కలు వస్తయి. కాకపోతే చాలా వస్తువుల మీద లెదర్ అని రాసి ఉన్నా లోపల రెగ్జిన్ ఉంటది. అంచు కోసి చూస్తే తెలుస్తది. రెగ్జిన్‌ల కింద బట్ట, పైన ప్లాస్టిక్ పొర కనపడతది. తోలుల పీచు ఉంటది. తోలు పొడిని జిగురుతో అతికించి చేసే రకం ఇంకోటి ఉన్నది, అది కొద్ది రోజులకే పొరలు పొరలుగ ఊడిపోతది. నేర్చుకునే కాలంల రెగ్జిన్ మీద కుట్టినా తప్పులేదు. తోలు ధర పెట్టి రెగ్జిన్ కొనొద్దు, అంతే.

ఇక్కడ మన గ్రూపోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. ఖరీదైన తోలును "వెజిటబుల్ టాన్డ్" అని అమ్ముతరు. చెట్ల బెరడు, కాయల రసంతో ఊనిన తోలు అన్నట్టు. దక్షిణాదిల దీనికి పాతకాలం నుంచి వాడినవి ఏందో తెలుసా? తంగేడు చెక్క, కరక్కాయ. బతుకమ్మల పేర్చే తంగేడే. కరక్కాయ మన ఆదివాసీ అక్కలు, అన్నలు అడవిల ఏరి అమ్మేదే. అంచులు మెరిపించనీకి బయటి దేశాలోళ్లు ట్రాగకాంత్ అనే బంక వాడతరు, చిన్న సీసాకు మస్తు ధర. మన అడవుల తపసి చెట్టు బంకను వ్యాపారంల "ఇండియన్ ట్రాగకాంత్" అనే పిలుస్తరు. కిలోల లెక్కన మన దగ్గర అమ్మి, చెంచాల లెక్కన మనమే కొనుక్కుంటున్నం! నేను సీసా కొనలేదు. ఈ రకం తోలుకు అంచు కొంచెం తడిపి ముతక గుడ్డతో గట్టిగ రుద్దితే కూడ నునుపు వస్తది. చెయ్యి నొప్పి ఒక్కటే ఖర్చు. క్రోమ్‌తో ఊనిన తోలుకు ఇది అంతగ పనిచెయ్యదు. కోసిన చోట నడుమ నీలం బూడిద రంగు కనపడితే చాలాసార్లు అది క్రోమ్ తోలే.

అట్లని పచ్చి తోలు తెచ్చి హాస్టల్ల ఊనుదామని మాత్రం ఎవరూ అనుకోకండి. వారాల పని, బిందెల కొద్ది నీళ్లు, వాసన వేరే. వార్డెన్ సార్ ముందు మనల్నే ఊనుతడు. ఈ పని వెనక పెద్ద చదువు ఉన్నది. చెన్నైల 1948ల పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు చాలా ఏండ్లు డైరెక్టర్‌గ చేసింది మన తెలుగాయనే, యలవర్తి నాయుడమ్మ. తెనాలి దిక్కు పల్లెల పుట్టిండు. తర్వాత దేశం మొత్తం పరిశోధనశాలలకు పెద్దగ అయిండు. తోలు మీద సైంటిస్టు కావచ్చు అని మనకు బడిల ఎవరైనా చెప్పిన్రా?

చెప్పరు. ఎందుకంటే మన ఊర్లల తోలు అంటే ఒక కులం పని అని ముద్ర వేసిన్రు. మోట కొట్టిన కాలంల పొలాలకు నీళ్లు తోడిన తోలు బొక్కెన చేసింది మాదిగ పెద్దమనుషులే. ఆ నీళ్ల పంట తిన్నోళ్లే వాళ్లను దూరం పెట్టిన్రు. ఇప్పుడు అదే పనిని పట్నంల ఏసీ రూముల "వర్క్‌షాప్" అని ఫీజు కట్టి నేర్చుకుంటున్నరు. నాకు ఆరె పట్టుడు నేర్పింది చెట్టు కింద చెప్పులు కుట్టే ఒక తాత. "గుంజకు బిడ్డా, సల్లగ తియ్యి, లేకుంటే తోలు తెగుతది" అని నా చెయ్యి పట్టుకొని చూపించిండు. ఆయన దగ్గర ముక్కలు తీసుకుంటే నేను బేరం ఆడ. ఖర్చు తగ్గించుకునుడు అంటే ఆయన కూలీల కోత పెట్టుడు అని నేను ఒప్పుకోను. ఆన్‌లైన్ల అడిగినంత కట్టి, చెట్టు కింద పది రూపాయలకు కొట్లాడే అలవాటు మనకెందుకు? మనల్ని కూడ సంతల, అడ్డా మీద అట్లనే బేరం ఆడిన్రు కదా.

ఇంకొందరు "అమ్ము, సంపాదించు" అంటున్నరు. అమ్మొచ్చు. కాని పర్సుకు నాకు నాలుగు గంటలు పడతది. తోలు 60, దారం, జిగురు కలిపి 75 అయితే, 150కి అమ్మి "డబుల్ లాభం" అంటే నా గంటకు ఇరవై కూడ రాలేదు. మా యాడి ఎండల పత్తి ఏరితే వచ్చేది కూడ అంతకంటే నయం. అందుకే ఇప్పటికి అమ్ముట్ల లేను. చదువు మధ్యల ఒక గంట తల నిమ్మళం అయితది, దానికే చేస్తున్న. పేదోని పిల్లలు ఏం ముట్టుకున్నా దాంట్ల పైసలు రావాలె అనే లెక్క నాకు నచ్చదు. క్రికెట్ ఆడే తమ్ముణ్ని ఎవరూ లాభం అడగరు కదా.

మా బామ్మ పేటియా మీద అద్దాలు, గవ్వలు కుట్టేటప్పుడు పక్కన ఒక సంచి ఉండేది. గోరంత బట్ట ముక్క కూడ దాంట్లకే పోయేది. నా దగ్గర తోలు ముక్కల సంచి అట్లాంటిదే. రెండు వేళ్ల వెడల్పు ఉన్నది ఏదీ పారెయ్య.

అన్నకు చివరగ ఒక మాట. ఉలి, సుత్తి, ఆరె ఒక్కొక్కరు కొనే బదులు హాస్టల్‌కు ఒక పెట్టె పెట్టుకుందాం అంటున్న. ఆరుగురం కలిస్తే పనిముట్ల ఖర్చు ఆరో వంతు అయితది, తోలు కూడ పెద్ద ముక్క తెచ్చి పంచుకోవచ్చు. బ్లేడు, సూది, దారం ఎవరివి వాళ్లవి, లేకుంటే కొట్లాటలే. తెచ్చిన రోజే ఎవరికి ఎన్ని అడుగులు, ఎంత అని గోడ మీద కాగితం అతికిస్తం. సిద్దిపేటల ఇప్పటికి నలుగురం అయినం. ఇంకా ఇద్దరు దొరికితే వచ్చే నెల ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆదివారం హైదరాబాద్ పోయి తెస్తం. బస్సు కిరాయి కూడ లెక్కల రాస్తం.