కెమెరా ఎటు తిప్పాలి?

రియాద్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరి ఇంట్లో ఒక ఫొటో ఉంటుంది. కింగ్‌డమ్ టవర్ ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని దిగిన ఫొటో. 302 మీటర్ల ఆ భవనం 2002లో పూర్తయింది. ఇలాంటి భవనాల ముందు దిగిన ఫొటోలు మనకు బోలెడు. కానీ ఈ నగరంలో సెంట్రింగ్ కట్టిన, ప్లాస్టరింగ్ చేసిన, వైర్లు లాగిన మనవాళ్లు పనిలో ఉండగా తీసిన ఫొటోలు ఎన్ని? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఈ ప్రస్తావన ఎందుకంటే, అమెరికాలో ఏబీసీ ఛానెల్ 2003 నుంచి 2012 వరకు 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' అనే కార్యక్రమం నడిపింది. కష్టాల్లో ఉన్న ఒక కుటుంబాన్ని ఎంచుకుంటారు. వాళ్లను వారం పాటు విహారయాత్రకు పంపి, ఈలోగా ఇల్లు బాగుచేస్తారు. చాలాసార్లు పడగొట్టి కొత్తదే కడతారు. ఇంటికి అడ్డంగా నిలిపిన బస్సు పక్కకు జరగ్గానే ఇంటివాళ్లు చూసి ఏడ్వడం పతాక సన్నివేశం.

ఏడు రోజుల్లో ఇల్లెలా లేస్తుంది? స్థానిక బిల్డరు, కాంట్రాక్టర్లు, వందలాది వాలంటీర్లు కూలి లేకుండా రాత్రింబవళ్లు పనిచేస్తేనే! వారిలో కలప మోసేవాళ్లు, భోజనాలు పెట్టేవాళ్లతో పాటు ఉచితంగా ఫొటోలు తీసేవాళ్లూ ఉండేవారు. టీవీ కెమెరా ఇంటివాళ్ల కన్నీళ్ల వెంటపడితే, పనిచేసిన చేతులను చూపించే అవకాశం ఈ వాలంటీరుకే ఉంటుంది. మన దగ్గరా అంతే. సినీతారలు ఒక్కరోజు కూలిపని చేస్తే 2016లో జెమిని టీవీలో 'మేము సైతం' అనే కార్యక్రమమైంది. మంచి పనికే చేశారు, కాదనలేం. ఏళ్లతరబడి కూలిచేసేవాడి దగ్గరికి మాత్రం ఏ కెమెరా రాదు.

ఇంకో సంగతి. జార్జియా రాష్ట్రంలో 2005లో ఆ కార్యక్రమం కట్టిచ్చిన ఒక పెద్ద ఇల్లు, దానిమీద తెచ్చిన అప్పు తీరక 2008లో వేలం ప్రకటనకెక్కింది. టీవీలో కన్నీళ్లు పెట్టుకున్న కుటుంబం ఈసారి వార్తల్లో పడింది. ఊరూపేరూ తెలియనివాళ్ల కష్టం నాలుగు గోడల మధ్య ఉంటుంది. ఒకసారి తెరకెక్కినవాళ్లకు ఆ అదృష్టం లేదు.

మరి మన సంగతేమిటి? క్యాంపులో తోటివాడి ఇంటిగోడ ఊళ్లో వానకు కూలిందంటే మనవాళ్లు ఊరుకోరు. తలా కొంత సాయం చేసి గోడ లేపిస్తారు, రేకులు వేయిస్తారు. అంతవరకు ఎంతో గొప్ప. ఆ తర్వాత ఫొటో! బ్యానరు వెనుక పదిమంది, ముందు చేతులు జోడించిన ఇంటి ఇల్లాలు. రేపు ఆ పిల్లకు సంబంధం చూడవచ్చినవాళ్లు ఈ ఫొటో చూస్తే? ఇక్కడ మేస్త్రీగా తలెత్తుకు తిరిగే తండ్రికి ఎలా ఉంటుంది? ఇలాంటి ఫొటోలు అడిగి మరీ వేసిన రోజులు మాకూ ఉన్నాయి. ఆ తప్పులో మా వాటా మాకుంది.

ఫొటోలే వద్దంటున్నామా? లేదు. డబ్బిచ్చినవాళ్లకు లెక్క చెప్పాలి. కూలిన గోడ, లేచిన గోడ, సిమెంటు బిల్లు, పనిచేసిన మేస్త్రీ... ఈ నాలుగూ తీస్తే చాలు. ఇంటివాళ్ల ముఖం కావాలంటే ముందు వాళ్లను అడగాలి. వద్దంటే మారుమాట్లాడకూడదు. ఏడాది తర్వాత ఇంకోసారి వెళ్లి, ఇల్లు కురుస్తోందా, అప్పు మీద పడిందా కనుక్కోవాలి. ఆ ఫొటో మరీ ముఖ్యం.

రియాద్‌లో ఉండి కెమెరా పట్టేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. 2007 నాటి సౌదీ సైబర్ నేరాల చట్టం ప్రకారం, కెమెరా ఫోనుతో ఎదుటివారి ఆంతరంగికతకు భంగం కలిగిస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ల వరకు జరిమానా పడొచ్చు. పనిచేసేచోట కంపెనీ అనుమతి లేకుండా ఫోను ఎత్తొద్దు. అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడాన్నీ ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఎవరి సాయం వారు నేరుగా ఆ ఇంటికి పంపడమే క్షేమం.

ఈసారి ఎవరి ఇల్లయినా బాగుచేయిస్తే మాకు రాయండి. సున్నం మరకల చేతులతో ఉన్న మేస్త్రీ ఫొటో, ఆయన సరేనంటే, పంపండి. సంతోషంగా వేస్తాం. ఇంటివాళ్ల ఫొటో సంగతంటారా? గృహప్రవేశం రోజున వాళ్లే కొత్తబట్టలు కట్టుకుని దిగుతారు. తమ గోడకు తామే తగిలించుకుంటారు.