తెగులు తట్టుకునే విత్తనం: పరీక్ష మెట్ట పొలంలోనే జరగాలి

ఆలూరు: ఆలూరుకూ ఆలుగడ్డకూ పేరులో తప్ప పొత్తు లేదు. ఇక్కడి ఎండకు ఆ పంట నిలవదు. సంతలో కొని కూర వండుకోవడమే తప్ప పండించే రైతు ఈ చుట్టుపక్కల కనిపించడు. అయినా ఆలుగడ్డకు పట్టే ఒక తెగులు గురించీ, దానిని తట్టుకునే మొక్క కోసం శాస్త్రజ్ఞులు జరుపుతున్న పొలం పరీక్షల గురించీ ఆలూరు, ఆస్పరి, పత్తికొండ రైతులు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. రేపు అదే పద్ధతిలో తయారైన వేరుశనగ, టమాటా, మిరప విత్తనాలు ఇక్కడి అంగళ్లకు రావచ్చు. వరి అయితే ఇప్పటికే తయారైంది.

ఆ తెగులుకు ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ అనే సూక్ష్మజీవి కారణం. చల్లని ముసురు నాలుగు రోజులు పట్టిందంటే ఆకు నల్లబడి, వారం పది రోజుల్లో చేను చేనంతా మాడిపోతుంది. 1845లో ఐర్లండు దేశంలో ఈ తెగులు ఆలుగడ్డ పంటను తుడిచిపెట్టింది. ఆ తరువాత కొన్నేళ్లపాటు సాగిన కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మంది దేశం విడిచి పోయారు. ఒకే పంటను, అందులోనూ ఒకే రకాన్ని నమ్ముకున్న పేదవాడి గతి ఏమవుతుందో లోకానికి తెలిసిన సంఘటన అది. టమాటా కూడా ఆలుగడ్డ కుటుంబంలోని మొక్కే. ఈ తెగులు దానినీ వదలదు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు పట్టిన దారి జన్యు సవరణ. ఇది బీటీ పత్తి పద్ధతి కాదు. బీటీ పత్తిలో మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును తెచ్చి పత్తి మొక్కలో చేర్చారు. జన్యు సవరణలో బయటి జన్యువును ఉంచనవసరం లేదు. మొక్కలో ఉన్న జన్యువునే గుర్తించి, సూక్ష్మమైన కత్తెర వంటి సాధనంతో ఆ చోట కత్తిరిస్తారు. ఈ సాధనాన్ని కనుగొన్నందుకు ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆలుగడ్డలో తెగులుకు లొంగిపోయేట్టు చేసే ఒక జన్యువును ఈ విధంగా పనిచేయకుండా చేసి, ఆ మొక్కలను పొలంలో నాటి చూశారు. తెగులు తగ్గినట్టు వారు ప్రకటించారు.

భారతదేశంలో కూడా ఈ పని ముందుకు సాగింది. బయటి జన్యువు లేని సవరణ మొక్కలకు బీటీ పంటలకున్నంత కఠినమైన అనుమతులు అక్కరలేదని కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న సడలింపు ఇచ్చింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. రెండింటి మూలమూ తెలుగు నేలలోనే ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 అనే ‘కమల’కు మూలం బాపట్లలో పుట్టిన సాంబమసూరి. ఢిల్లీ సంస్థ తయారుచేసిన పూసా డి.ఎస్.టి. రైస్ 1కు మూలం మారుటేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు. దేశంలోని వివిధ కేంద్రాలలో 2023, 2024 సంవత్సరాలలో పరీక్షించగా కమల హెక్టారుకు సగటున 53.7 క్వింటాళ్లు, సాంబమసూరి 45 క్వింటాళ్లు పండాయని సంస్థ ప్రకటన. ఎకరాకు లెక్కగడితే మూడున్నర క్వింటాళ్ల తేడా. పంట కూడా 20 రోజులు ముందుగా కోతకు వస్తుందన్నారు.

వినడానికి ఇది శుభవార్తే. సైన్సును కాదనవలసిన పనిలేదు. అయితే ఆ లెక్కల మీదనే 2025 అక్టోబరులో వివాదం రేగింది. పరీక్షల వివరాలు ఆ ప్రకటనలకు మద్దతు ఇవ్వడం లేదని జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాల కూటమి ఆరోపించగా, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఖండించింది. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకునే దారి ఆలూరు రైతుకు లేదు. ఏ కేంద్రంలో, ఏ నేలలో, ఎన్ని తడులకు ఎంత పండిందో తెలుగులో రాసి ఊరి రైతు సేవా కేంద్రం గోడకు అతికించి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.

పొలం పరీక్ష అంటే విత్తనం చల్లి పంట కోయడం కాదు. తెగులు పరీక్షకు ప్రత్యేకమైన పద్ధతి ఉంది. కొత్త రకం పక్కనే తెగులుకు సులభంగా లొంగే పాత రకాన్ని సాలు వేసి పెట్టాలి. రెండింటికీ మందు కొట్టకూడదు. ఒకే మడిలో కాక నాలుగైదు చోట్ల మళ్లీ మళ్లీ వేయాలి. లొంగే రకం మాడిపోయి కొత్త రకం పచ్చగా నిలిస్తేనే అది తట్టుకున్నట్టు లెక్క. రెండూ పచ్చగా ఉన్నాయంటే ఆ ఏడు తెగులే రాలేదని అర్థం. ఆలూరు వంటి చోట ఇది ముఖ్యమైన విషయం. వానలేని ఏడు ముసురు పట్టదు, తెగులూ పెద్దగా రాదు. అటువంటి ఏడు వేసిన విత్తనాన్ని తెగులు తట్టుకుందని రాసుకుంటే కాగితం మీద అది నిలుస్తుంది. మరుసటి ఏడు ముసురు పట్టినప్పుడు చేలో నిలవదు. కాబట్టి ఒక మంచి ఏడు, ఒక కరువు ఏడు, ఒక ముసురు ఏడు చూడకుండా మెట్ట రైతుకు విత్తనం అమ్మడం న్యాయం కాదు.

తెగులు కూడా ఊరకే ఉండదు. మెక్సికో అడవి జాతుల నుంచి ఆలుగడ్డలోకి తెచ్చిన తట్టుకునే గుణాన్ని కొన్నేళ్లలోనే ఆ సూక్ష్మజీవి దాటిపోయింది. పత్తిలో జరిగింది ఇక్కడి వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. పురుగుమందు ఖర్చు మొదట్లో తగ్గిన మాట నిజం. ఆ తరువాత గులాబీరంగు కాయతొలుచు పురుగు రెండింటికీ అలవాటు పడింది. ఆదోని మార్కెట్టుకు పత్తి తోలే రైతు నేడు విత్తనానికీ పెడుతున్నాడు, మందుకూ పెడుతున్నాడు.

రైతుకు చెప్పకుండా పరీక్ష చేస్తే ఏమవుతుందో పొరుగునే రుజువుంది. 1998 నవంబరులో రాయచూరు జిల్లాలో బీటీ పత్తి పరీక్ష చేనును ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైతు సంఘం వారు పీకి తగలబెట్టారు. తన పొలంలో వేసింది ఎటువంటి విత్తనమో తనకు తెలియదని ఆ రైతు అన్నట్టు ఆనాడు పత్రికలలో వచ్చింది. సంఘం చేసిన పని సబబా కాదా అన్నది వేరే చర్చ. రైతుకు ముందుగా అతని భాషలో చెప్పి, ఒప్పుకోలు తీసుకుని ఉంటే అంత అనుమానం పుట్టేది కాదన్నది మాత్రం నిజం.

అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ఏ పంటకు, ఏ తెగులుకు ముందుగా ఈ కత్తెర పట్టాలి? తొలి ఫలం వరికి దక్కింది. తుంగభద్ర దిగువ కాలువ కింది రైతులకు దానివల్ల మేలు కలగవచ్చు. కాలువ ఎక్కని ఊళ్ల మాటేమిటి? 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకి సుమారు రెండుంబావు లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా అని అంచనా. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు దానిని వేరుశనగకు అంటిస్తాయి. వాన తప్పితే పంట పోతుంది, వాన పడితే తిక్కాకు మచ్చ, తుప్పు తెగులు వస్తాయి. టమాటాకు ఆకుముడత సరేసరి. ఈ తెగుళ్లతో అప్పులపాలై, పొలం బీడు పెట్టి, పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. విత్తనం నిజంగా తట్టుకోవలసిన చోటు వారి చేను.

అందువల్ల ప్రభుత్వం, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వేరుశనగ, టమాటా వంటి మెట్ట పంటల తెగుళ్లపై జన్యు సవరణ పరిశోధనకు వరితో సమానంగా ప్రాధాన్యం ఇవ్వాలి. పరీక్షలు నీటి వసతి ఉన్న కేంద్రాలకే పరిమితం చేయకుండా కదిరి, నంద్యాల పరిశోధన కేంద్రాల పర్యవేక్షణలో ఆలూరు ప్రాంతపు వానాధార పొలాలలో కనీసం మూడేళ్లు జరపాలి. పొలం ఇచ్చే రైతుకు తెలుగులో రాసిన ఒప్పంద పత్రం ఇవ్వాలి. పంట పోతే పరిహారం ఎంత, ఎవరు ఇస్తారు అన్నది విత్తే ముందే అందులో రాయాలి. పక్క పొలాల వారికి కూడా తెలియజేయాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఊరిలో ప్రకటించాలి.

ఇక విత్తనం ధర. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల పొట్లం ఒకప్పుడు 1,600 రూపాయలు దాటింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రంలోని గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు పోరాడిన తరువాతనే అది 750 రూపాయలకు దిగింది. ఈసారి పొట్లం అంగడికి చేరిన తరువాత పోరాటం మొదలుపెట్టడం కాదు. వేరుశనగ రైతు తరతరాలుగా ఇంటి కాయలనే విత్తుకుంటున్నాడు. జన్యు సవరణ వేరుశనగ వస్తే ఆ కాయలను మరుసటి ఏడు విత్తుకునే హక్కు అతనికి ఉంటుందా, ఉండదా అన్నది పరీక్ష దశలోనే స్పష్టం చేయాలి.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని పెద్దలు అన్నారు. నేటి శాస్త్రం విత్తు లోపలి రాతనే దిద్దగలుగుతున్నది. ఆ దిద్దుబాటు సరిగా ఉన్నదో లేదో తేలవలసింది మెట్ట చేలో, రైతు కళ్లెదుట. రాబోయే ఖరీఫ్‌కు ముందే జిల్లా వ్యవసాయాధికారులు, శాస్త్రజ్ఞులు ఆలూరులో రైతులతో సదస్సు ఏర్పాటుచేసి ఈ విషయాలు చర్చించడం మంచిది.